ముందు ఏరు గీసే సారు

నేను పనిచేసే పంచాయతీ ఆఫీసులో కుళాయి లైను గురించి ఇద్దరు వార్డు మెంబర్లు వాదించుకుంటుండగా రమీజా ఫోన్ చేసింది. డిగ్రీలో నాతోపాటు చదివింది. ఇప్పుడు ఎడ్లపాడు వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతుంది. పనివేళల్లో ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. "సారు పోయారంట" అంది. ఏ సారని నేను అడగలేదు. మా ఇద్దరి మాటల్లో సారు అంటే ఒక్కరే. పొద్దున నడకకు వెళ్ళి తిరిగొస్తూ తమ వీధి మలుపులోనే పడిపోయారట. వాళ్ళమ్మాయి విశాఖపట్నం నుంచి రావాలి కాబట్టి దహనం రేపు మధ్యాహ్నం, నరసరావుపేటలోనే.

ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చోబోయాను. నావల్ల కాలేదు. సెక్రటరీ ఉద్యోగంలో చేరాక మొదటిసారి, మాట్లాడుతున్నవాళ్ళను మధ్యలో వదిలేసి బయటికొచ్చి రోడ్డు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. ఆయన పోయారన్న బాధకన్నా ముందు, నేను చెయ్యాల్సిన పని ఒకటి తొమ్మిదేళ్ళుగా చెయ్యకుండా ఉండిపోయిందన్న సంగతి నన్ను ఒకచోట నిలవనివ్వలేదు.

డిగ్రీలో మాది హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ గ్రూపు. వేరే గ్రూపులో సీటు రానివాళ్ళు, ఉద్యోగ పరీక్షలు రాసుకుంటూ ఎక్కడో ఒకచోట పేరు ఉంచుకుందామనుకున్నవాళ్ళు, ఇంట్లో పెళ్ళిమాట వాయిదా వేయించటానికి చేరిన అమ్మాయిలు, అందరం కలిపి పద్నాలుగు మందిమి. మిరపకోతలు మొదలైతే ఆరుగురం మిగిలేవాళ్ళం. ఆరుగురున్నా ఆయన గొంతు తగ్గేది కాదు. పాఠం వరండాలోనే మొదలయ్యేది. దూరం నుంచి వస్తూనే ఎవరికో చెబుతున్నట్టు మాట్లాడుకుంటూ వచ్చేవారు. ఆయన బోర్డు దగ్గరికి చేరేసరికి ఏదో ఒక సైన్యం అప్పటికే బయలుదేరి సగం దారిలో ఉండేది. మేం పరుగున అందుకోవాలి.

చొక్కా జేబులో పెన్నుకు బదులు సుద్దముక్కలుండేవి. జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఏ యుద్ధం చెప్పినా ముందు బోర్డు మీద ఒక వంకర గీత గీసేవారు. అది ఏరు. తర్వాత కొండలు. ఆ తర్వాత ఊళ్ళు, దారులు. సైన్యాలు అన్నిటికన్నా చివర.

"ముందు ఏరు గియ్యండిరా. నీళ్ళు లేకుండా సైన్యం యాడ నిలబడుద్ది?" అనేవారు.

రాజుల పేర్లూ సేనాపతుల పేర్లూ ఆయన నోట వచ్చేవి కావు. పేర్లు పరీక్షలో రాసుకోమనేవారు. ఆయనకు కావలసింది ఆ రోజు ఎండా వానా, కాళ్ళకు ఏం తొడుక్కున్నారు, ముందురోజు ఏం తిన్నారు. రష్యా మీదికి వెళ్ళి మంచులో తిరుగుముఖం పట్టిన ఫ్రెంచి సైన్యం పాఠం రెండు రోజులు చెప్పి, ఆ రెండు రోజులూ గుర్రాల నాడాల గురించే మాట్లాడారు. మంచులో జారకుండా నాడాలకు మేకులు కొట్టించుకోకపోతే గుర్రం పడిపోతుంది, గుర్రం పడితే బండి ఆగిపోతుంది, బండి ఆగితే రొట్టె రాదు. ఇదంతా బెంచీల మధ్య నడుస్తూ చెప్పేవారు. తరగతి గదిలో ఆయనకని ఒక చెక్క కుర్చీ ఉండేది. దాని మీద మా సంచులు పెట్టుకునేవాళ్ళం.

మేం అడిగే ప్రశ్నలంటే ఆయనకు ఆకలి. జవాబు తెలియకపోతే తెలియదనేవారు. ఒకసారి రమీజా లేచి, ఇన్ని సైన్యాలు ఇన్ని వేల మైళ్ళు నడిచాయి కదా, వీళ్ళందరికీ వండిపెట్టింది ఎవరని అడిగింది. ఆయన ఆగి, "అది నేనెప్పుడూ చూళ్ళేదమ్మాయ్" అన్నారు. నాలుగు రోజుల తర్వాత వరండాలోంచే కేక వేసుకుంటూ వచ్చారు. మొగలు సైన్యాల వెనక ఒక పట్నమంత బజారు నడిచేదనీ, ఎద్దుల మీద ధాన్యం మోసుకొచ్చి సైన్యాలకు అమ్మినవాళ్ళు లంబాడీలేననీ, వాళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ ఆ మందతోపాటే తిరిగేవాళ్ళనీ చెప్పారు. మాచర్ల అవతల తండా నుంచి వచ్చిన ఒక స్నేహితుడు మాతో చదివేవాడు. రెండేళ్ళలో క్లాసులో నోరెత్తనివాడు, ఆ రోజు తన తాత పాడే పాటల్లో ఎద్దుల పేర్లుంటాయని చెప్పాడు. పిరియడ్ అయిపోయినా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే కాలేజీ గేటు దాకా వెళ్ళారు.

పల్నాటి యుద్ధం గురించి మాకు పాఠం అక్కర్లేదనుకునేవాళ్ళం. కారెంపూడి తిరునాళ్ళకు వెళ్ళనివాళ్ళు మాలో లేరు. మాది పౌరుషాల గడ్డ అని చెప్పుకోవటానికి అదే మాకు దస్తావేజు. ఆయన మాత్రం ఒకే ప్రశ్న వేశారు. "ఎవరు గెలిచార్రా?" గంటసేపు కొట్లాడుకున్నాం. ఒక్కడూ తేల్చలేకపోయాడు. ఆయన నవ్వుతూ వెళ్ళిపోయారు.

ఆయనకు యుద్ధమంటే ఇష్టం. ఇది దాచి లాభం లేదు. కుర్రతనంలో మిలిటరీ సెలక్షన్‌కి వెళితే పాదాలు చదునుగా ఉన్నాయని వెనక్కి పంపారట. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పారు. ఎత్తుకు పైయెత్తు చెప్పేటప్పుడు కళ్ళు మెరిసేవి. ఎవరు ఎవరిని ఎలా చుట్టుముట్టారో చేతులతో చూపించేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే సంతోషం మాకూ అంటుకునేది.

రెండో ఏడాది చలికాలంలో సరస్సు పాఠం చెప్పారు. ఏనుగులతో మంచుకొండలు దాటి ఇటలీలోకి దిగిన సేనాని, రోమను సైన్యాన్ని ఒక సరస్సు పక్కన కాపు కాసి దెబ్బకొట్టిన కథ. ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు గుట్టలు, మధ్యలో సన్నటి దారి, తెల్లవారుజామున నీళ్ళ మీంచి లేచిన పొగమంచు. దారిలోకి వచ్చినవాడికి తన పక్కవాడే కనపడడు. గుట్ట మీద కూర్చున్నవాడికి అన్నీ వినపడతాయి. మూడు గంటల్లో అయిపోయిందన్నారు. ఆ రోజు సుద్దముక్కలు మూడు అరిగాయి. నేను ఆ బొమ్మను నోటు పుస్తకంలో గీసుకున్నాను.

మాది రాజుపాలెం మండలంలో ఒక పల్లె. ఆ ఏడు మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికలయ్యాయి. మా పెదనాన్న వర్గం ఓడిపోయింది. కోటయ్య బాబాయి వర్గం గెలిచింది. బాబాయి అనేది వరసకే. మా పొలం గట్టునే వాళ్ళ పొలం. నాకు సాగర్ కాలువలో ఈత నేర్పింది ఆయనే. ఓట్ల లెక్కింపు రోజు నుంచి రెండు వర్గాలవాళ్ళూ ఒకే టీ కొట్టుకు వెళ్ళటం మానేశారు.

ఆ శనివారం హాస్టల్ నుంచి ఇంటికెళ్ళాను. సాయంత్రం మా పత్తి కొట్టంలో పెదనాన్న కొడుకు శీనన్న, అతని స్నేహితులు కూర్చుని ఉన్నారు. కాలేజీలో ఏం చెబుతున్నార్రా అని వేళాకోళంగా అడిగారు. నేను ఇటుకముక్క తీసుకుని సిమెంటు నేల మీద ముందు నీళ్ళు గీశాను. సారు గొంతు పెట్టి, సారులాగే నడుస్తూ, కథంతా చెప్పాను. అంతకుముందు వాళ్ళెప్పుడూ నా మాట అంత శ్రద్ధగా వినలేదు. చివర్లో ఎవరో, మనకి సరస్సు లేదు గదా అన్నారు. "కాలువ ఉందిగా" అన్నాను. అని ఊరుకోలేదు. సాగర్ కాలువ కట్టకూ పాత నాపరాళ్ళ క్వారీ గుట్టకూ మధ్య సన్నబడే దారిని, ఇటుకముక్కతో ఆ సరస్సు పక్కనే గీసి చూపించాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళు నా బొమ్మ చుట్టూ వంగి చూస్తుంటే బాగుంది.

పదిరోజుల తర్వాత పొద్దున్నే మంచులో, పొలానికి మోటారు వెయ్యటానికి బండి మీద వెళుతున్న కోటయ్య బాబాయిని అక్కడే కొట్టారు. కర్రలతో, రాళ్ళతో. కుడి మోకాలు నుజ్జయింది. నేను హాస్టల్లో టిఫిన్ వరసలో ఉండగా శీనన్న ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడు. మధ్యమధ్య నవ్వుతున్నాడు. "మీ సారుకి చెప్పరా, పాఠం పనికొచ్చిందని" అన్నాడు.

మూడు రోజులు క్లాసులో తలెత్తలేదు. నాలుగో రోజు వరండాలో ఆయన వెనక నడుస్తూ చెప్పాను. మొత్తం చెప్పాను. కొట్టం, ఇటుకముక్క, కాలువ ఉందిగా అన్న మాట, శీనన్న ఫోన్. ఆయన మొదట మామూలుగానే నడుస్తున్నారు. ఫోన్ సంగతి విన్నాక నడక ఆగిపోయింది. వరండా మెట్టు మీద కూర్చున్నారు. మూడేళ్ళలో ఆయన కాలేజీలో కూర్చోగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ పొద్దున మంచు ఉందా అని అడిగారు. ఉందన్నాను.  బెల్లు కొట్టినా ఆయన లేవలేదు. పిల్లలు ఆయన్ని దాటుకుని ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. తర్వాత, కోటయ్య బాబాయిని ఏ ఆసుపత్రిలో పెట్టారని అడిగి, నన్ను తీసుకెళ్ళమన్నారు.

నరసరావుపేటలోనే ఒక నర్సింగ్ హోములో ఉన్నాడు బాబాయి. గుమ్మంలో ఆయన భార్య, మా పిన్ని, నన్ను చూసి అడ్డం నిలబడింది. ఎంత దెబ్బ తగిలిందో చూసి రమ్మన్నారా మీవాళ్ళు అంది. సారు తనెవరో చెప్పుకుని లోపలికి రానిమ్మని బతిమాలారు. బాబాయి మోకాలు కట్టుతో దిండు మీద ఉంది. సారు మంచం పక్కన నిలబడి, ఆ ఎత్తు తను క్లాసులో చెప్పిన పాఠమనీ, కుర్రవాడి నోట అది ఊరిదాకా వచ్చిందనీ, తప్పు తనదేననీ చెప్పారు.

బాబాయి నాకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"కుర్రోడు ఇంటికాడ కథ చెప్పుకున్నాడు. దానికేముంది సారూ. మీరు చెప్పకపోయినా వాళ్ళు నన్ను కొట్టేవాళ్ళే" అన్నాడు. మళ్ళీ తనే, "కానీ ఆ చోటు శీనుగాడి బుర్రకి తట్టేది కాదు. ఎవరో చూపించుంటారు. అదే నాకు అంతుబట్టట్లేదు" అన్నాడు.

సారు నాకేసి చూడలేదు. చూస్తే చెప్పేసేవాణ్ణేమో. మంచం ఇనపకమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బాబాయి నన్ను క్షమించింది చిన్న తప్పుకి. పెద్ద తప్పు నా దగ్గరే ఉండిపోయింది. బయటికొచ్చాక రోడ్డు దాటుతూ సారు, "చెప్పలేదే" అన్నారు. 

ఆ తర్వాత పదిహేను రోజులు ఆయన బోర్డు ముట్టుకోలేదు. వచ్చేవారు, పుస్తకంలోంచి నోట్సు చదివేవారు, మేం రాసుకునేవాళ్ళం. నోట్సు చదివేటప్పుడు కూడా నడక ఆగేది కాదు, కానీ ఆ నడకలో ఎక్కడికో వెళుతున్న తీరు పోయింది. బోనులో తిరుగుతున్నట్టుండేది. మాలో ఎవరికీ ఏమడగాలో తెలియలేదు. చివరికి రమీజాయే లేచింది. జరిగిందంతా నేనే ఆమెకు చెప్పాను.

"సరస్సు పాఠం సగంలో ఆపారు సార్" అంది.

అయిపోయింది కదమ్మా అన్నారాయన.

"కాలేదు సార్. మర్నాడు ఏమైంది?"

ఆయన తెలియదన్నారు. సెలవు పెట్టి గుంటూరు లైబ్రరీకి వెళ్ళి వచ్చారు. వారం తర్వాత వచ్చి ఆ సరస్సును మళ్ళీ గీశారు. ఈసారి బోర్డు మీద సైన్యాలు లేవు. శవాలు, గుర్రాల కళేబరాలు పడివున్న పొలాలు ఉన్నాయి. రోము నగరం గేట్ల దగ్గర ఆడవాళ్ళు రోజుల తరబడి నిలబడి, వచ్చే ప్రతివాణ్ణీ తమవాడి సంగతి అడిగారని చెప్పారు. ఆ సరస్సులో కలిసే ఒక వాగు పక్కనున్న పల్లెకు నెత్తురు పేరు ఈనాటికీ మిగిలిందన్నారు. కారెంపూడి పక్కన పారే మన నాగులేరు గురించి కూడా ఇట్టాంటి మాటే చెప్పుకుంటాంగా అన్నారు.  మాకెవరికీ ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది.

అప్పటి నుంచీ ఏ యుద్ధమైనా మర్నాటి నుంచే మొదలుపెట్టేవారు. చచ్చినవాళ్ళను ఎవరు పూడ్చారు, ఆ ఏడు ఆ చేను ఎవరు దున్నారు, కాలు పోయినవాడు ఇంటికి ఎట్టా చేరాడు. అక్కడి నుంచి వెనక్కి నడిచి యుద్ధం దగ్గరికి వచ్చేవారు. ఇలా చెబితే సిలబస్ కదలదు. ప్రిన్సిపాల్ పిలిచి మందలించారు. దాంతో సిలబస్ కోసం పొద్దున ఏడింటికి వేరే క్లాసు పెట్టారు. ఎవరు వచ్చినా రాకపోయినా ఆయన ఏడింటికి అక్కడుండేవారు.

ఇంకొకటి మొదలైంది. ఆదివారాలు మా ఊరు రావటం. బస్సు దిగి మెయిన్ రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు నడిచి వచ్చేవారు. బాబాయికి కర్ర సాయంతో నడక అలవాటు చేసుకోమని డాక్టరు చెప్పాడు. సారు ఆయన పక్కన నడిచేవారు. అంత వేగంగా నడిచే మనిషి, అడుగుకో నిమిషం ఆగే మనిషితో కాలువ కట్ట మీద వెళ్ళటం దూరం నుంచి చూశాను. రెండడుగులు ముందుకు పడిపోయి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చేవారు. మళ్ళీ పడిపోయేవారు. దగ్గరికి వెళ్ళే మొహం నాకు లేదు.

మావాళ్ళకు ఇది మింగుడుపడలేదు. మీ సారు ఎవరి మనిషిరా అని పెదనాన్న నన్ను నిలదీశాడు. ఒక ఆదివారం శీనన్న ఆయన్ని బెదిరించాలని బస్సు స్టేజీ దగ్గర కాపు కాశాడు. అక్కడేం జరిగిందో చాలాకాలం తర్వాత అతనే నాకు చెప్పాడు.

"మీ సారు నన్ను చూసి భయపళ్ళేదురా. ఆ పొద్దున ఏం తిని వెళ్ళావు అనడిగాడు. ఏందీ ప్రశ్న అనుకున్నా. ఏం తినలా, గుట్ట వెనకాల రెండుసార్లు కక్కుకున్నా అని చెప్పేశా. ఆ మాట మా నాయనక్కూడా చెప్పలేదు నేను."

సారు అతని భుజం మీద చెయ్యి వేసి, బస్సు వచ్చేదాకా ఉండి వెళ్ళిపోయారట. శీనన్న మళ్ళీ ఆయన జోలికి పోలేదు. అతని మీద కేసు నడుస్తూనే ఉంది. వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాడు.

మూడో ఏడాది కోటయ్య బాబాయి తమ్ముడు కాలేజీకి వచ్చాడు. నేను క్లాసులోనే ఉన్నాను. తెల్లచొక్కా, చేతిలో బండి తాళం. సారును వరండాలోకి పిలిచి చాలా మర్యాదగా అడిగాడు.

"వాళ్ళకి ఒక పాఠం చెప్పారు గదండీ. మాకూ ఒకటి చెప్పండి."

మాకు గదిలోకి వినపడింది.  శీనన్న మొహం, పెదనాన్న మొహం కళ్ళముందు తిరిగాయి. సారు ఆయన్ని లోపలికి రమ్మని, కుర్చీ మీది సంచులు తీయించి, కూర్చోమన్నారు. ఆయన కూర్చున్నాడు. సారు బోర్డు మీద గీత గీశారు. అది నాగులేరని ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

కారెంపూడి దగ్గర యుద్ధం ముగిసిన మర్నాడని మొదలుపెట్టారు. ఆ రోజు గురించి నాకు తెలిసింది తక్కువ, తెలిసింది చెబుతా, తెలియంది మీరు చెప్పండి అన్నారు. రెండు వైపులా ఇళ్ళల్లో మగవాళ్ళు లేరు. గొడ్లను ఎవరు తోలారు? ఎవరి చేలో ఎవరు కోత కోశారు? రెండు వైపులా వియ్యమందిన ఇళ్ళలో ఆడపిల్ల ఎవరి కోసం ఏడవాలి? ఒక్కో ప్రశ్నా అడిగి ఆగేవారు. మాలో ఎవరో ఒకరం మాకు తోచింది చెప్పేవాళ్ళం. బాబాయి తమ్ముడు బండి తాళం వేలికి తిప్పుతూ, తిప్పుతూ, ఒకచోట ఆపాడు. పాఠం ఇంకా పావుగంట ఉందనగా లేచి నిలబడ్డాడు.

"నేనడిగింది ఇది కాదండీ" అన్నాడు.

"నాకు తెలిసింది ఇంతే అబ్బాయ్" అన్నారు సారు.

ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఏడు మావాళ్ళ కోసం ఎవరూ ఎక్కడా కాపు కాయలేదు. ఆ తర్వాతా కాయలేదు. ఊళ్ళో పోలీసు పికెట్ పెట్టటం వల్ల అని కొందరంటారు. పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడటం వల్ల అని కొందరంటారు. సారు మాత్రం ఎవరితోనూ అది తన పాఠం వల్ల అనలేదు. అడిగితే విసుక్కునేవారు. తన పాఠం ఒక కాలు తీసిందని మాత్రం అనేవారు, మేం ఎన్నిసార్లు కాదన్నా ఒప్పుకునేవారు కాదు.

రిటైరయ్యాక రెండుమూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. గదిలో నాలుగడుగుల మేర తిరుగుతూ మాట్లాడేవారు. ఉద్యోగం ఎలా ఉంది, ఊళ్ళో తగాదాలు ఏ గట్టు మీదివి, అన్నీ అడిగేవారు. గుమ్మం దాటేటప్పుడు, "మరి కోటయ్యకి?" అనేవారు. వచ్చేసారి చెబుతాను సార్ అనేవాణ్ణి. ఆయన తలూపేవారు. పోయిన నెల కూడా ఊపారు.

రమీజా ఫోన్ చేసిన సాయంత్రం ఆఫీసు తాళం వేసి నేరుగా మా ఊరు వెళ్ళాను. కోటయ్య బాబాయి వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పటికీ కర్ర పక్కనే ఉంటుంది. సారు పోయారని చెప్పాను. ఆయన అప్పటికే విన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.  అప్పుడు చెప్పాను. ఆ చోటు శీనన్నకు చూపించింది నేనని. ఇటుకముక్కతో గీసి చూపించానని. ఆసుపత్రిలో మీరడిగినప్పుడు అక్కడే ఉండి కూడా నోరు మూసుకున్నానని.

బాబాయి నన్ను తిట్టలేదు. కర్ర అందుకుని, మెల్లగా లేచి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను వాకిట్లో కొంతసేపు నిలబడి బండి తీశాను.

మర్నాడు శ్మశానంలో జనం బాగానే ఉన్నారు. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. తండా స్నేహితుడు వచ్చాడు. రమీజా గేటు బయట ఆడవాళ్ళతో నిలబడింది. చితికి నిప్పు పెట్టబోతుండగా ఒక ఆటో ఆగింది. బాబాయి దిగాడు. ఎవరి సాయమూ తీసుకోకుండా చితి దాకా నడిచాడు. అందరం దారి ఇచ్చాం. దణ్ణం పెట్టుకుని తిరిగి వెళుతూ నా ముందు ఆగాడు.

"నిన్న నువ్వు చెప్పింది నేను విన్నా. ఈ తొమ్మిదేళ్ళు నన్ను లేపి కూర్చోబెట్టింది మీ పిన్ని. తను కూడా వినాల. ఇంటికి రా" అన్నాడు.

తర్వాతి రోజు పొద్దున్నే వెళ్ళాను. శీనన్నకు చెప్పాను, నాతో రానన్నాడు. పిన్ని వసారాలో గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. బాబాయి లోపల ఉన్నాడు, బయటికి రాలేదు. నేను ఆమెకు ఎదురుగా నిలబడి చెప్పాను. ఘాటుకు దగ్గొచ్చి రెండుసార్లు ఆగాను. ఆమె తలెత్తలేదు. చేతులు మాత్రం ఆగిపోయాయి.  

నేను చెప్పటం అయిపోయాక పిన్ని చేతిలో కాయలు పట్టా మీద వదిలేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, నా మొహంలోకి చూసింది.

"గబగబా చెప్పావ్. నాకు ఎక్కలా. కూకుని మొదట్నించీ చెప్పు" అంది.

నేను గోనెపట్టా అంచున కూర్చుని మొదటి నుంచి చెప్పటం మొదలుపెట్టాను.